అస్త్రము మరలిన రాత్రి
(గల్ఫు దేశములలో మరణించిన తెలుగు శ్రామికుల స్మృత్యర్థము దోహాలో చేసిన ఉపన్యాసపు పాఠము)

 స్మారకోపన్యాసములు సామాన్యముగా ఒక పండితుని పేరనో, ఒక దాత పేరనో, ఒక దేశనాయకుని పేరనో నెలకొల్పబడుచుండును. ఈ ఉపన్యాసమునకు అట్టి ఏకనామము లేదు. ఈ తీరములకు జీవనార్థము వచ్చి, శవపేటికలలో స్వగ్రామములకు మరలిపోయిన తెలుగువారందరి స్మృతికి ఇది అంకితము. వారిలో తాపీపనివారు కలరు, ఇనుపకడ్డీలు వంచినవారు కలరు, లారీలు నడిపినవారు కలరు, పరుల యిండ్లలో వంట చేసి పరుల బిడ్డలను పెంచిన స్త్రీలు కలరు. అట్టివారి పేర మాటలాడు అర్హత నాకు కలదో లేదో తెలియదు గాని, అవకాశము నిచ్చినందులకు సభవారికి కృతజ్ఞుడను.

వలసను గూర్చి మాటలాడుమని కోరిన సభలో అణ్వస్త్రములను గూర్చి మాటలాడబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. తాపీ పట్టిన చేతికిని వాషింగ్టను, మాస్కో నగరములలోని రహస్యమందిరములకును సంబంధమేమి యని వారడుగవచ్చును. నా ఉపన్యాసమంతయు ఆ ప్రశ్నకు సమాధానమే. 1973 అక్టోబరు 24వ తేది రాత్రి అమెరికా సంయుక్త రాష్ట్రములును సోవియట్ యూనియనును అణ్వస్త్ర సన్నద్ధులై ఎదురెదురుగా నిలిచిన ఆ కొన్ని గంటలకు ముందును వెనుకను జరిగిన సంఘటనల పరంపరయే లేకుండినచో, దోహా నగరము నేడున్న రూపమున ఉండెడిది కాదనియు, కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి మండలముల పల్లెలనుండి ఇంతమంది ఈ ఎడారిత్రోవ పట్టియుండరనియు నా అభిప్రాయము.

భారతమునందలి సౌప్తికపర్వపు కథ మీకు తెలిసినదే. అశ్వత్థామయు అర్జునుడును పరస్పరము మహాస్త్రములను ప్రయోగించినపుడు, లోకము దగ్ధమగునను భయమున వ్యాసనారదులు నడుమ నిలిచిరి. అర్జునుడు తన అస్త్రము నుపసంహరించెను. అశ్వత్థామకు ఉపసంహరించు శక్తి లేదు. కనుక దానిని ఉత్తరాగర్భముపైకి మరలించెను. లోకము నిలిచినదని మనము నిట్టూర్పు విడుతుము. కాని యుద్ధభూమికి రానివాడును, ఏ పక్షమునను చేరనివాడును, అప్పటికింకను జన్మింపనివాడును అయిన శిశువుపై ఆ అస్త్రము పడెను. అణ్వస్త్రయుగపు చరిత్రను వ్రాసినవారు పేలిన రెండు బాంబులను గూర్చి వ్రాసిరి. పేలుటకు సిద్ధమై పేలక నిలిచిన వేలకొలది బాంబులను గూర్చియు వ్రాసిరి. పేలని బాంబు ఎచ్చట పడినదని అడిగినవారు అరుదు. అది ఉత్తర తెలంగాణములోని మెట్టపొలములమీదను, ఖతారు ద్వీపకల్పపు ఇసుకమీదను పడినదని నేను చెప్పబూనుచున్నాను.

1945 ఆగస్టు 6న హిరోషిమామీదను, 9న నాగసాకిమీదను పడిన బాంబులకు ప్రత్యుత్తరమిచ్చు శక్తి నాడు భూమిమీద ఎవ్వరికిని లేదు. 1949 ఆగస్టులో సోవియట్ యూనియను తన మొదటి బాంబును పరీక్షించిన దినమున ఆ ఏకాధిపత్యము ముగిసెను. ఉదజని బాంబులును, వాటిని ఖండాంతరములకు మోసికొనిపోవు క్షిపణులును తయారైన పిమ్మట ఒకరినొకరు నశింపజేయగల శక్తియే ఒకరినొకరు తాకకుండుటకు హేతువయ్యెను. ఈ భీతి సమతుల్యమును శాంతి యని పిలుచుట ఆ కాలపు రాజనీతిజ్ఞులకు అలవాటు. తాము పరస్పరము తాకలేని ఆ రెండు రాజ్యములు ఇతరుల నేలమీద ఇతరుల బిడ్డలచే పోరు సాగించుటను వారు ఏమని పిలిచిరో గ్రంథములలో అంత స్పష్టముగా కానరాదు.

భారతీయులకు ఈ పాఠము కొత్త కాదు. 1962 అక్టోబరులో క్యూబా ద్వీపమున సోవియట్ క్షిపణుల విషయమై కెన్నడీ, క్రుశ్చేవులు ప్రపంచమును అగ్నిగుండపు అంచువరకు నడిపిన ఆ పదమూడు దినములలోనే, సరిగా 20వ తేదిన, చైనా సైన్యములు హిమాలయసీమలలో మనపై విరుచుకుపడెను. అంతవరకు మనయెడ మైత్రి చూపిన మాస్కో, క్యూబా సంకటమున చైనా తోడ్పాటును ఆశించి, 25వ తేదిన తన పార్టీ పత్రిక ప్రావ్దాలో చైనా ప్రతిపాదనలనే సమర్థించెను. సంకటము తొలగిన వెంటనే స్వరము మారెను. కరీబియను సముద్రములోని ఒక ద్వీపముపై జరిగిన బేరమునకు తవాంగు కొండలలో చలికి వణకుచు నిలిచిన సిపాయికి సంబంధము ఏర్పడుట ఈ యుగలక్షణము. తొమ్మిదేండ్ల తరువాత, 1971 డిసెంబరులో పాకిస్తానుతో యుద్ధము జరుగుచుండగా, అణుశక్తితో నడచు ఎంటర్‌ప్రైజ్ అను అమెరికా విమానవాహక నౌక బంగాళాఖాతమున ప్రవేశించినపుడు, ఆ నెల మొదట పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిన శబ్దము విన్న విశాఖపట్నము ఆ యుగలక్షణమును తన తీరముననే చవిచూచెను.

ఇక ఈ ఖతారు దేశమునకు వచ్చెదను. ఈ శతాబ్దపు మేడలను చూచి పెరిగిన యువకులకు నమ్మశక్యము కాని విషయమొకటి చెప్పవలసియున్నది. 1930ల దశాబ్దమున ఈ ద్వీపకల్పము ఆకలితో అలమటించెను. ముత్యములకై సముద్రగర్భమున మునుగుటయే ఇచ్చటివారి జీవనము. జపానుదేశమున కృత్రిమముగా పెంచిన ముత్యములు విపణిలోకి వచ్చుటయు, పాశ్చాత్యదేశములలో ఆర్థికమాంద్యము వ్యాపించుటయు ఆ జీవనమును కూలద్రోసెను. 1935లో షేక్ అబ్దుల్లా బిన్ జాసిమ్ ఆంగ్లో-పర్షియను చమురు కంపెనీకి హక్కులిచ్చెను. దుఖానువద్ద చమురు బయలుపడిన సమయముననే రెండవ ప్రపంచ యుద్ధము దాపురించి, తవ్విన బావులు మూయబడెను. మొదటి చమురు ఓడ బయలుదేరునప్పటికి 1949వ సంవత్సరము చివరకు వచ్చెను. (జపానును గూర్చి ఒక్కమాట. ఇచ్చటి ముత్యములను కూల్చినదియు ఆ దేశమే, అణ్వస్త్రపు దెబ్బ తిన్నదియు ఆ దేశమే, అర్ధశతాబ్ది తరువాత ఇచ్చటి ద్రవీకృత వాయువును మొట్టమొదట కొన్నదియు ఆ దేశమే. చరిత్రకు ఒక్కొక్కపుడు ఇట్టి పట్టుదల ఉండును.)

1916 నాటి సంధి ప్రకారము ఈ దేశపు విదేశవ్యవహారములు బ్రిటనుచేతిలో ఉండెను. చేతిలో మెలగిన నాణెము మాత్రము మనది. మన రిజర్వు బ్యాంకు 1959లో ఈ తీరములకొరకే ప్రత్యేకముగా ముద్రించిన గల్ఫు రూపాయి నోట్లు, మన నోట్ల అచ్చుననే, రంగులు మాత్రము మార్చుకొని, దోహా అంగళ్ళలో చెల్లుచుండెను. మన దేశమున పది రూపాయల నోటును చూచిన కన్నులకు ఇచ్చటి ఎఱ్ఱని పది రూపాయల నోటు అపరిచితముగాను పరిచితముగాను ఒకేసారి తోచియుండును. 1966 జూనులో మన రూపాయి విలువ తగ్గింపబడగా ఖతారు దానిని వదలి దుబాయితో కలిసి స్వంత నాణెమును ఏర్పరచుకొనెను. అనగా 1966 వరకు ఈ నగరమున కూలివాని చేతబడినది బొంబాయిలో చెల్లు రూపాయికి తోబుట్టువైన రూపాయియే. తరువాతి తరమువాడు రూపాయిని వెదకికొనుచు రియాలుల దేశమునకు రావలసివచ్చెను.

1968 జనవరిలో బ్రిటను తన సైన్యములను సూయజునకు తూర్పుననుండి తీసికొనిపోవుదునని ప్రకటించెను. 1971 సెప్టెంబరు 3న ఖతారు స్వతంత్రమయ్యెను. అప్పటికి కొద్దిముందు, 1970 జనగణనలో, దీని జనాభా లక్ష పైచిలుకు మాత్రమే. మన ఒక చిన్న పట్టణము. సైన్యము నామమాత్రము. రెండు అగ్రరాజ్యములలో ఒకదానితో, అనగా సోవియట్ యూనియనుతో, 1988 వరకు దీనికి దౌత్యసంబంధమే లేదు. ఇట్టి దేశము స్వాతంత్ర్యము వచ్చిన రెండేండ్లకు ప్రపంచపు అతిప్రబల రాజ్యమునకు చమురు అమ్మనని ప్రకటించెను. ఆ ధైర్యము ఎచ్చటనుండి వచ్చినది?

1973 అక్టోబరు 6న ఈజిప్టు, సిరియా సైన్యములు 1967లో తాము కోల్పోయిన భూములకై ఇస్రాయేలుపై దాడి సాగించెను. మాస్కో ఒక పక్షమునకు, వాషింగ్టను రెండవ పక్షమునకు విమానములలో ఆయుధములు చేరవేయసాగిరి. 16వ తేదిన గల్ఫు చమురుదేశములు, కంపెనీల సమ్మతితో పని లేకుండ, పీపా ప్రకటితధరను 3.01 డాలర్లనుండి 5.12 డాలర్లకు తామే పెంచిరి. మరునాడు అరబ్బు దేశములు నెలనెలకు ఉత్పత్తిని నూటికి ఐదు చొప్పున తగ్గింప నిశ్చయించిరి. 19న అమెరికా అధ్యక్షుడు నిక్సను ఇస్రాయేలుకు 220 కోట్ల డాలర్ల సాయమును కోరగా, ఒకటి రెండు దినములలో సౌదీ అరేబియాయు, దాని వెంట ఖతారును, ఇతర సోదరదేశములును అమెరికాకు చమురు నిలిపివేసిరి. నాడు ఖతారు ఉత్పత్తి దినమునకు సుమారు ఐదున్నర లక్షల పీపాలు. ప్రపంచపు లెక్కలో అది స్వల్పమే, అయినను ఆ వరుసలో నిలిచినది.

22న ఐక్యరాజ్యసమితి కాల్పుల విరమణకు తీర్మానించెను, విరమణ నిలువలేదు. సూయజు కాలువకు తూర్పున ఈజిప్టు మూడవ సైన్యము, అన్నపానీయములు అందని స్థితిలో, ఇస్రాయేలు సేనలచే చుట్టుముట్టబడెను. ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్ ఉభయ అగ్రరాజ్యములును సైన్యములు పంపి విరమణను నిలుపుడని వేడెను. 24వ తేది రాత్రి సోవియట్ నాయకుడు బ్రెజ్నేవ్ లేఖ వాషింగ్టను చేరెను: కలిసి వత్తుము, మీరు రానిచో మేమొంటరిగా తగిన చర్యను ఆలోచింపవలసివచ్చును అని దాని సారాంశము. ఏడు సోవియట్ వాయుసేనావాహిత పదాతి విభాగములు సిద్ధముగా ఉన్నవి. మధ్యధరాసముద్రమున అనేక సోవియట్ నౌకలు అమెరికా ఆరవ నౌకాదళమునకు అత్యంత సమీపమున మెలగుచున్నవి.

ఆ రాత్రి శ్వేతసౌధపు నేలమాళిగలోని గదిలో సమావేశమైనవారు విదేశాంగమంత్రి కిస్సింజరు, రక్షణమంత్రి ష్లెసింజరు, సేనాపతుల అధ్యక్షుడు అడ్మిరల్ మూరరు, గూఢచారశాఖాధిపతి కోల్బీ, అధ్యక్షుని ముఖ్యసహాయకుడు హేగు మున్నగు కొలదిమంది. అధ్యక్షుడు నిక్సను అందు లేడు. వాటర్‌గేటు వ్యవహారమున చిక్కి, నాలుగు దినముల ముందే తన న్యాయశాఖాధిపతులను పోగొట్టుకొని, అలసి మేడమీద నిద్రించుచుండెను. ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ అంతకు రెండు వారముల ముందే రాజీనామా చేసెను. ఆ స్థానము శూన్యము. ఎన్నికైన ఒక్క వ్యక్తియైనను లేని ఆ గదిలోనుండి రాత్రి 11 గంటల 41 నిమిషములకు ప్రపంచమునందలి అమెరికా సేనలన్నింటికిని సన్నద్ధతను మూడవ శ్రేణికి పెంచుడని ఆజ్ఞ వెలువడెను. గువామ్ ద్వీపమునుండి బి-52 బాంబరులు స్వదేశమునకు మరలింపబడెను. 82వ వాయుసేనావాహిత విభాగము ప్రయాణసన్నద్ధమయ్యెను. మిత్రదేశములకు ముందుగా తెలుపలేదు. తెలిసినపిమ్మట వారు కోపించిరి.

వాషింగ్టనులో ఆ ఆజ్ఞ వెలువడిన క్షణమున దోహాలో 25వ తేది ఉదయము ఏడు గంటలు కావచ్చుచుండెను. రంజాను మాసము ముగింపునకు వచ్చి, ఉపవాసపు తొలిజాము గడచుచున్నది. తెలుగునాట దీపావళి దినములు. ప్రమిదలలో వత్తులు వేసికొనుచున్న ఇల్లాండ్రకు గాని, ఇచ్చట నెలవంకకై ఎదురు చూచుచున్న ముసలివారికి గాని తమ తలలమీద ఏమి నిలిచినదో తెలియదు. మాస్కోలో ఆ దినముననే పార్టీ పెద్దలు సమావేశమై, సైన్యములను కదపవలెనని కొందరు పట్టుబట్టగా, బ్రెజ్నేవ్ ప్రత్యుత్తరమే ఇయ్యకుండుట మేలని నిర్ణయించెను. ఆనాడే ఐక్యరాజ్యసమితి, అగ్రరాజ్యములను మినహాయించి, ఇతరుల సైన్యముతో శాంతిదళమును పంప తీర్మానించెను. అస్త్రములు మరలెను.

ఇచ్చట చరిత్రకారుడు సాధారణముగా గ్రంథమును మూయును. నా వాదము ఇచ్చటనే మొదలగును. ఆ రాత్రి తరువాత ఐదు నెలలపాటు చమురు నిషేధము సాగెను. అంతకు పూర్వము గల్ఫు తీరమున ఒక షేకు మాట వినకపోయినచో ఒక యుద్ధనౌక వచ్చి రేవులో నిలుచుట పరిపాటి. ఈమారు నౌక రాలేదు. ఆలోచన లేకపోలేదు. 1973 డిసెంబరులో బ్రిటిషు గూఢచార సమితి తన ప్రధానమంత్రికై సిద్ధపరచిన రహస్యపత్రము, ముప్పదియేండ్ల తరువాత బయటపడినది. అందు సౌదీ అరేబియా, కువైటు, అబుదాబిల చమురుక్షేత్రములను అమెరికా బలముతో ఆక్రమించు అవకాశము పరిశీలింపబడియున్నది. ష్లెసింజరు బ్రిటిషు రాయబారితో అట్టి మాట అనియుండెను కూడ. అయినను అడుగు పడలేదు. అక్టోబరు 24 రాత్రి ఒకసారి అంచువరకు పోయి వచ్చినవారు, ఆ అంచునకు మరల పోగల త్రోవ ఎంత పొట్టిదో ఎరిగియుండిరి. రెండు ఖడ్గములు ఒకదానినొకటి పట్టి నిలిపిన ఆ సందున చిన్నదేశములు చేయి చాచి తమ నేలక్రింది ధనమును తాము తీసికొనిరి.

ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరుగునని మన సామెత. ఈ ఘట్టమున కొన్ని లేగలకు మేత దొరికినమాట వాస్తవము. దీనికి ప్రత్యాక్షేపములు లేకపోలేదు. అమెరికా చమురు ఉత్పత్తి 1970లోనే శిఖరమును దాటెననియు, 1971లో డాలరు విలువ సడలుటచేతనే చమురుదేశములు నష్టపడి ధర పెంపునకు సిద్ధపడెననియు, లిబియా అంతకుముందే దారి చూపెననియు ఆర్థికవేత్తలు చెప్పుదురు. అవి సత్యములే. ధర పెరుగుటకు కారణములు విపణిలో ఉండెను. పెరిగిన ధరను బలప్రయోగముచే దింపలేకపోవుటకు కారణము మాత్రము విపణిలో లేదు. అది అణ్వస్త్రాగారములలో ఉండెను. ఈ భేదమును గమనింపనివారు 1973ను అర్థము చేసికొనలేరని నేను దృఢముగా నమ్ముచున్నాను.

డిసెంబరులో టెహరానులో సమావేశమైన గల్ఫు దేశములు 1974 జనవరి 1నుండి పీపా ధరను 11.65 డాలర్లుగా నిర్ణయించిరి. మూడు నెలలలో ధర నాలుగింతలకు చేరువయ్యెను. ఖతారు అదే యేడు చమురు కంపెనీలలో నూటికి అరువది పాళ్ళ స్వామ్యము పొంది, 1977 నాటికి సంపూర్ణాధికారము సాధించెను. రోడ్లు, రేవులు, ఉప్పునీటిని మంచినీరుగా మార్చు కర్మాగారములు, ఉక్కు, ఎరువుల ఫ్యాక్టరీలు ఒక్కుమ్మడిగా లేచినవి. వాటిని లేపుటకు దేశమున చేతులు లేవు.

అదే సమయమున ఆ ధర మన దేశమును ఎట్లు తాకెనో చూడుడు. 1974-75లో మన టోకుధరలు నాలుగవ వంతు పెరిగెను. 1974లో ప్రభుత్వము యూరియా ధరను దాదాపు రెట్టింపు చేసెను. కిరసనాయిలు దీపమే వెలుగైన యిండ్లలో ఆ దీపమును ప్రొద్దుపోకమునుపే ఆర్పవలసి వచ్చెను. ఆ మే మాసమున రైల్వే కార్మికులు సమ్మె కట్టిరి. ఆ మాసముననే పోఖ్రానులో మన దేశము తన మొదటి అణుపరీక్ష జరిపెను. కాలువనీరు లేని ఉత్తర తెలంగాణపు మెట్టరైతు బావి తవ్వుటకు చేసిన అప్పునకు మిత్తి కట్టలేకపోవుటకు అనేక కారణములు కలవు. వాన రాకపోవుట వాటిలో మొదటిది. ఎరువు ధర వాటిలో చేరెను. అనగా ఒకే సంఘటన తండ్రి పొలమును ఎండగట్టి, కొడుకునకు ఎడారిలో పని చూపెను. నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే: మహారాజ్యముల కలహపు ఫలము మనకు నష్టముగాను లాభముగాను వేర్వేరుగా రాలేదు; ఒకే చేతితో తీసికొని ఒకే చేతితో ఇచ్చినది, తీసికొన్నదానికిని ఇచ్చినదానికిని నడుమ సముద్రమును పెట్టినది.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని కరీంనగరపు పల్లెలలో చెప్పుకొను మూడు మాటలలో ఆ మండలపు జీవితమంతయు ఇమిడియున్నది. సింగరేణి గనులకు పోవువారు కొందరు, బొంబాయి, భీవండీ మగ్గములకు పోవువారు కొందరు. 1970ల నడుమనుండి ఆ బొంబాయిలోనే ఏజెంటు ఎదురై మూడవ మాటను చెవిన వేసెను. దుబాయి యనగా ఒక్క దుబాయి కాదు. మస్కటైనను, కువైటైనను, దోహాయైనను ఊరిలో దాని పేరు దుబాయే. సిరిసిల్ల, జగిత్యాల, కామారెడ్డి, ఆర్మూరు ప్రాంతములనుండి పురుషులును, నాటి కడప జిల్లా రాయచోటి, రాజంపేటలనుండియు గోదావరి జిల్లాలనుండియు విశేషముగా స్త్రీలును బయలుదేరిరి. 1983లో భారతప్రభుత్వము వలసచట్టము చేసి, చదువు చాలనివారి పాస్‌పోర్టులపై అనుమతిముద్ర కావలెనని నిర్ణయించెను. వారిని రక్షించుటకు ఉద్దేశించిన ఆ ముద్ర ఏజెంట్లకు మరియొక ఆదాయమార్గము కూడ అయ్యెను.

ఆ మొదటి తరమువారి జీవితమునుండి ఒక వస్తువును మీ కన్నుల ముందుంచెదను. ఉత్తరము వ్రాయరానివారు టేపురికార్డరులో మాటలాడి ఆ క్యాసెట్టును సెలవుపై పోవు తోటివానిచేత ఇంటికి పంపెడివారు. ఇంటివారు దానిని విని, అదే క్యాసెట్టుపై తమ మాటలను నింపి తిరిగి పంపెడివారు. కొత్త మాట పడుటతో పాత మాట చెరిగిపోవును. మేస్త్రీ తిట్టినదియు, గది ఎనిమిదిమందితో నిండియున్నదియు, ఎద్దు చచ్చినదియు, పిల్లకు సంబంధము కుదిరినదియు, అప్పులవాడు వాకిట కూర్చున్నదియు ఒకదానిపై ఒకటి పడి చెరిగిపోయినవి. శ్వేతసౌధపు నేలమాళిగలో ఆ రాత్రి జరిగిన సంభాషణల జ్ఞాపకపత్రములు మాత్రము నేడు ముద్రితములై ఎవ్వరికైనను చదువ లభించుచున్నవి.

కార్మికుని యజమానికి కట్టివేయు కఫాలా పద్ధతినిగూర్చి నేను దీర్ఘముగా చెప్పను. దానిని గ్రంథములలో చదివినవాడను నేను, అనుభవించినవారు మీరు. యజమాని అనుమతి లేనిదే పని మారరాదను నియమమును ఖతారు 2020లో తొలగించినది. నెలకు వెయ్యి రియాలుల కనీసవేతనము 2021 మార్చినుండి అమలునకు వచ్చినది. ఆలస్యముగానైనను ఇది న్యాయమువైపు వేసిన అడుగు. ఇచ్చట జరుగనున్న ప్రపంచకప్పు ఫుట్‌బాలు పోటీల నిమిత్తము లోకపు దృష్టి ఇటు తిరుగకుండిన ఆ అడుగు ఎప్పుడు పడెడిదో నేను చెప్పజాలను. మన ప్రభుత్వములును నిర్దోషులు కావు. గల్ఫులో మరణించిన కార్మికుని కుటుంబమునకు ఐదు లక్షల రూపాయల సాయమును తెలంగాణ ప్రభుత్వము నిర్ణయించినది 2024లో. వలస మొదలై అప్పటికి అర్ధశతాబ్ది.

ఇక కథలో రెండవ మలుపు. రెండు ఖడ్గముల నడుమ దొరికిన సందు శాశ్వతము కాదు. 1979లో ఇరానున విప్లవము వచ్చెను. ఆ సంవత్సరాంతముననే సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తానమున ప్రవేశించెను. 1980 జనవరి 23న అధ్యక్షుడు కార్టరు, పర్షియను గల్ఫును స్వాధీనపరచుకొన బయటి శక్తి ఎవరు యత్నించినను సైనికబలముతోనైనను అడ్డుదుమని ప్రకటించెను. 1973లో రాని నౌక ఈ ప్రకటనతో వచ్చి చేరెను, చేరి నిలిచెను. సోవియట్ యూనియను 1991లో అంతరించిన పిమ్మట అడ్డు చెప్పు రెండవ ఖడ్గమే లేకపోయెను. ఖతారు 1992లో అమెరికాతో రక్షణ ఒప్పందము చేసికొనెను. దోహాకు నైరృతిదిశనున్న అల్ ఉదైదు స్థావరము ఈ ప్రాంతమున అమెరికా సేనలకు అతిపెద్ద కేంద్రమయ్యెను. చిన్నదేశము పెద్దదేశపు నీడను కోరుటను నేను తప్పుపట్టను. 1990లో కువైటుకు పట్టిన గతిని చూచినవారు మరియొక విధముగా ఆలోచింపజాలరు. కాని నీడనిచ్చు చెట్టుమీదనే పిడుగు పడును.

2025 జూన్ 22న అమెరికా బాంబరులును క్షిపణులును ఇరాను అణుకేంద్రములైన ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహానులపై దాడి చేసెను. మరునాటి సాయంకాలము ఖతారు తన గగనమార్గమును మూసెను. ఆ రాత్రి ఇరాను క్షిపణులు అల్ ఉదైదు మీదికి వచ్చెను. వాటిని ఎదుర్కొన్న క్షిపణుల వెలుగు ఈ నగరపు ఆకాశమున మీరందరును చూచితిరి; ఎవరికిని ప్రాణాపాయము కలుగలేదు. ఆ రాత్రి నిజామాబాదు జిల్లా ఇండ్లలో ఫోనులు ఎట్లు మ్రోగినవో నాకు మీలో కొందరు చెప్పితిరి. 1973 అక్టోబరులో తెలియక నిద్రించిన ఇండ్లు 2025 జూనులో తెలిసి మేల్కొని కూర్చుండెను. ఈ రెండు రాత్రుల నడుమ మనకు కలిగిన మార్పు అంతయే యని నాకు తోచును. ఆ నిర్ణయములు చేయు గదులలో మన మాట నాడును లేదు, నేడును లేదు.

అణ్వస్త్రములు కలవారు వాటిని పెంచుకొనుచునే యున్నారు. 1989లో అణ్వస్త్రవ్యాప్తి నిరోధక సంధిలో చేరిన ఖతారు, వాటిని ఎన్నడును కోరని ఖతారు, వాటి నిమిత్తము వచ్చిన క్షిపణులకు గురియైనది. ఆ సంధిపై సంతకము చేయని మన దేశము అణుజలాంతర్గాములను విశాఖ తీరముననే నిర్మించుకొన్నది. ఈ రెండు మార్గములలో ఏది క్షేమమో నిర్ణయించుట ఈ ఉపన్యాసపు పరిధిలోనిది కాదు, నా శక్తిలోనిది అంతకన్నను కాదు. చరిత్రకారునిగా నేను అడుగగలిగినది వేరొకటి.

1973 సంకటమునకు సంబంధించిన వాషింగ్టను పత్రములు ఉన్నవి, లండను పత్రములు ఉన్నవి, మాస్కో వారి జ్ఞాపకముల గ్రంథములు ఉన్నవి. దాని ఫలమును అనుభవించినవారి పత్రములు మాత్రము మీ ట్రంకుపెట్టెలలోను, ఊరిలో మీ అటకలమీదను ఉన్నవి: గడువు తీరిన పాస్‌పోర్టులు, ఏజెంటు వ్రాసిచ్చిన రసీదులు, అప్పుపత్రములు, చెరిగిపోగా మిగిలిన ఒకటి రెండు క్యాసెట్లు, తిరిగిరానివారి మరణధ్రువపత్రములు. ఈ సభవారు వాటిని సేకరించి, పేరు, ఊరు, వచ్చిన సంవత్సరము, చేసిన పని వ్రాసి, ఒకచోట భద్రపరుప పూనుకొనవలెనని నా ప్రార్థన. దోహాలో ఆ పని మొదలిడినచో హైదరాబాదులోని విశ్వవిద్యాలయములను, రాష్ట్ర అభిలేఖాగారమును కదిలించుటకు నా చేతనైన సాయము చేయుదును. మొదటి తరమువారిలో ఇంకను జీవించియున్నవారు నేడు డెబ్బదియేండ్లు దాటినవారు. కావున వచ్చు సెలవులలో ఊరికి పోవునపుడే వారిని కలిసికొని, వారు చెప్పినది వ్రాసికొనుడు.